అమెరికా నల్లజాతి చర్చీలు న్యాయపోరాటానికి ఎలా ఇల్లయ్యాయి?

నీలిసిరా (అట్లాంటా)

రాఫెల్ వార్నాక్ 2021 జనవరిలో జార్జియా నుంచి సెనేట్‌కు గెలిచినప్పటి నుంచి ఇక్కడి తెలుగు మిత్రుల నోట ఒక మాట తరచూ వింటున్నాను: "పాస్టరుకు రాజకీయాలెందుకు?" ఆయన ఎబెనేజర్ బాప్టిస్టు చర్చి కాపరి. మార్టిన్ లూథర్ కింగ్, ఆయన తండ్రి, తల్లి వైపు తాత సేవ చేసిన సంఘం అది. నల్లజాతి చర్చి ఎలా పుట్టిందో తెలిస్తే ఈ ప్రశ్న తిరగబడుతుందని నా నమ్మకం. అక్కడి పాస్టరు రాజకీయాలకు దూరంగా ఎలా ఉండగలడు అని అడగాల్సి వస్తుంది.

రిచర్డ్ అలెన్ బానిసగా పుట్టి, తన స్వేచ్ఛను తానే డబ్బిచ్చి కొనుక్కున్న మనిషి. ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ మెథడిస్టు చర్చిలో నల్లవారిని ప్రార్థన మధ్యలో, మోకాళ్ల మీద ఉండగానే పట్టి లేపారు. ప్రార్థన ముగిశాక వాళ్లందరూ కలిసి బయటికి నడిచారు. అలెన్, అబ్సలం జోన్స్ 1787లో ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ అనే పరస్పర సహాయ సంఘం పెట్టారు. 1794లో బెతెల్ చర్చి తెరిచారు. ఆ భవనం మీద అధికారం తమదేనని తెల్ల మెథడిస్టు పెద్దలు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. చివరికి దాన్ని వేలానికి పెడితే అలెన్ పది వేల డాలర్లకు పైగా పోసి, సొంత చర్చిని మళ్లీ కొన్నారు. 1816లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు బెతెల్ పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ ఏడాదే ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘం (ఏ.ఎం.ఇ.) ఏర్పడింది.

ఈ కథలో నా మనసు ఆగిపోయేది ఆ వేలంపాట దగ్గరే. భవనం వాళ్లది, కానుకల డబ్బు వాళ్లది, కాపరికి జీతమిచ్చేది వాళ్లు. తెల్ల యజమాని పనిలోంచి తీసేస్తాడన్న భయం లేకుండా నోరు తెరవగలిగినవారు ఆ కాలపు నల్లవాడల్లో వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. వారిలో మొదటివాడు పాస్టరు. బడి కావాలన్నా చర్చే దిక్కయింది. మోర్‌హౌస్ కాలేజీ 1867లో అగస్టాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ బాప్టిస్టు చర్చిలో మొదలైంది. స్పెల్‌మన్ 1881లో అట్లాంటాలోని ఫ్రెండ్‌షిప్ బాప్టిస్టు చర్చి నేలమాళిగలో మొదలైంది. 1870లో అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతీయుడు హైరం రెవెల్స్ కూడా ఏ.ఎం.ఇ. పాస్టరే. వార్నాక్ నడుస్తున్నది నూటయాభై ఏళ్ల పాత బాట.

మీరంతా ఏమంటారు?

సందేహి

చరిత్ర బాగా చెప్పారు. నా అభ్యంతరం సూత్రం గురించి. తెల్ల ఎవాంజెలికల్ పాస్టర్లు గర్భస్రావం మీద ప్రసంగించి ఓట్లు కూడగడితే మతాన్ని రాజకీయాల్లోకి లాగుతున్నారని విమర్శిస్తాం. నల్లజాతి చర్చి ఆదివారం ఆరాధన అయ్యాక జనాన్ని బస్సులెక్కించి పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్తే ఉద్యమం అంటాం. ఒకరికి ఒక కొలత, ఇంకొకరికి ఇంకో కొలత పెడితే ఆ సూత్రానికి విలువ ఉండదు. వాదం మనకు నచ్చిందా లేదా అన్నది కొలత కాకూడదు. దీనికి సమాధానం కావాలి.

మిసిసిపి ఒడ్డు (మెంఫిస్)

సందేహి గారూ, చట్టం ఇద్దరికీ ఒకటే. పన్ను మినహాయింపు పొందే సంస్థలు ఫలానా అభ్యర్థికి ఓటు వేయమని చెప్పకూడదని 1954లో నిబంధన పెట్టారు. ఓటర్లను నమోదు చేయవచ్చు, అంశాల మీద మాట్లాడవచ్చు. గీత దాటినవారు రెండు వైపులా ఉన్నారు, దాన్ని నేను సమర్థించను. కానీ గీతకు ఇవతల జరిగిన పని ఎంత ఉందో మా ఊరి కథ చెబితే తెలుస్తుంది.

1968 ఫిబ్రవరి 1న వానకు చెత్త లారీ వెనక తలదాచుకున్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు యంత్రంలో నలిగి చనిపోయారు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది నల్లజాతి కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె చట్టవిరుద్ధమని మేయరు హెన్రీ లోబ్ భీష్మించుకున్నాడు. కార్మికులు రోజూ కూడుకున్నది క్లేబోర్న్ టెంపుల్ అనే ఏ.ఎం.ఇ. చర్చిలో. "నేను మనిషిని" అన్న అట్టలు అచ్చయింది అక్కడే, ఊరేగింపు బయలుదేరింది అక్కడి నుంచే. జీతం లేని ఇళ్లలో పొయ్యి వెలగడానికి, అద్దె కట్టడానికి చర్చీలు కానుకలు పట్టాయి. సెంటినరీ మెథడిస్టు చర్చి కాపరి జేమ్స్ లాసన్ కింగ్‌ను మెంఫిస్‌కు పిలిచారు. ఏప్రిల్ 3న గాలివానలో కింగ్ చివరి ప్రసంగం చేసిన మేసన్ టెంపుల్, చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే పెంతెకోస్తు శాఖకు కేంద్ర మందిరం. మర్నాడు సాయంత్రం ఆయన్ను చంపేశారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌తో ఒప్పందానికి దిగివచ్చింది.

చెత్త ఎత్తే మనిషిని మనిషిగా చూడమని అడగడానికి చర్చి తలుపు తెరవడం ఏ సూత్రానికి విరుద్ధమో నాకు అర్థం కాదు. ఆ క్లేబోర్న్ టెంపుల్‌ను బాగుచేస్తున్న సమయంలోనే, 2025 ఏప్రిల్‌లో, మంటల్లో కాలిపోయింది. ఆ వార్త విన్న రోజు ఈ ఊళ్లో చాలామంది ఏడ్చారు.

లాసన్ గురించి ఇంకో సంగతి. ఆయన 1953 నుంచి 1956 వరకు నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేశారు. గాంధీ అహింసా పద్ధతిని అక్కడే దగ్గరగా చదివారు. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో నల్లవారు జరిపిన బస్సుల బహిష్కరణ వార్తను నాగపూర్ పత్రికలోనే చూశారు. తిరిగి వెళ్లి నాష్‌విల్‌లో ఒక చర్చి నేలమాళిగలో విద్యార్థులకు తరగతులు నడిపారు. తిట్టినా, ఉమ్మినా, కొట్టినా చేయి ఎత్తకుండా కూర్చోవడం ఎలాగో సాధన చేయించారు. తర్వాత ఉద్యమ నాయకులైన జాన్ లూయిస్, డయాన్ నాష్ ఆ తరగతుల నుంచి వచ్చినవారే.

కొత్త పాఠకురాలు

ఒక ప్రశ్న అండీ. చర్చే ఎందుకు? యూనియన్లు ఉన్నాయి, నల్లవారి హక్కుల సంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. ఉంది. వాటితో ఎందుకు సరిపోలేదు?

నీలిసిరా (అట్లాంటా)

మంచి ప్రశ్న. దీనికి అలబామాలోనే జవాబుంది. 1956 జూన్ 1న అక్కడి కోర్టు ఉత్తర్వుతో ఎన్.ఏ.ఏ.సి.పి. రాష్ట్రంలో పనిచేయడం ఆగిపోయింది. జూన్ 5న ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ బర్మింగ్‌హామ్‌లోని సార్డిస్ బాప్టిస్టు చర్చిలో సభ పెట్టి కొత్త సంఘం ప్రారంభించారు. ఒక సంస్థకు తాళం వేయగలిగిన ప్రభుత్వానికి ప్రతి వీధిలో ఉన్న ఆరాధనకు తాళం వేయడం సాధ్యం కాలేదు. ఆ క్రిస్మస్ రాత్రి షటిల్స్‌వర్త్ ఇంటిని బాంబుతో కూల్చారు. శిథిలాల్లోంచి బతికి లేచి, మర్నాడే ఆయన బస్సుల్లో తెల్లవారికి కేటాయించిన సీట్లలో కూర్చోవడానికి జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లారు.

మాంట్‌గోమరీలో జరిగింది ఇంకా వివరంగా చూడాలి. 1955 డిసెంబరు 1న, బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనన్నందుకు రోజా పార్క్స్ అరెస్టు. 5వ తేదీ రాత్రి హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చిలో వేలమంది సభ. అప్పటికి కింగ్ వయసు 26. ఆ తర్వాత 381 రోజులు నల్లవారు బస్సెక్కలేదు. ఎక్కకుండా ఉండటం అంటే ఏమిటి? తెల్లవారుజామున ఊరి ఆ చివర వంటపనికి వెళ్లే స్త్రీని ఎవరో ఒకరు దింపాలి, సాయంత్రం తీసుకురావాలి. దానికోసం వందల సొంత కార్లు తిరిగాయి. చాలక, విరాళాలతో కొత్త స్టేషన్ వ్యాగన్లు కొని చర్చీల పేరిట నమోదు చేశారు. బండి తలుపు మీద చర్చి పేరు ఉండేది. బీమా కంపెనీలు వరసగా పాలసీలు రద్దు చేశాయి. చివరికి లండన్ లాయిడ్స్ ద్వారా బీమా దొరికింది. బండి కొనడానికి, పెట్రోలు పోయడానికి, లెక్క రాయడానికి, ప్రతి వారం జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి ధైర్యం చెప్పడానికి అలవాటుపడిన సంస్థ ఊళ్లో ఇంకేది ఉంది?

సావేరి

ఇక్కడి వరకు టపాలన్నీ చదివాను. పేర్లన్నీ మగవారివే. రోజా పార్క్స్ ఒక్కరు, అదీ అరెస్టు అయినందుకు. డయాన్ నాష్ ఒక వాక్యంలో వచ్చి వెళ్లారు. ఈ చరిత్ర ఇలా చెప్పడం నాకు బాధగా ఉంది.

మాంట్‌గోమరీ బహిష్కరణకు పిలుపు పాస్టర్ల నుంచి రాలేదు. విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ నాయకురాలు జో ఆన్ రాబిన్సన్ పార్క్స్ అరెస్టయిన రాత్రి తను పాఠం చెప్పే కాలేజీలో కూర్చుని తెల్లారేవరకు వేల కరపత్రాలు తీశారు. పాస్టర్లు ఆ తర్వాత కదిలారు. నీలిసిరా గారు చెప్పిన పెట్రోలుకు డబ్బులో ఒక భాగం జార్జియా గిల్మోర్ సంపాదించినది. ఆవిడ వంటమనిషి. కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు పని పోగొట్టుకుంది. ఇరుగుపొరుగు స్త్రీలను పోగుచేసి వేయించిన కోడి, కేకులు, పైలు అమ్మి ఆ డబ్బు సభల్లో తెచ్చి ఇచ్చేది. అందులో చాలామంది తెల్లవారి ఇళ్లలో వంట చేసేవారు కనుక పేర్లు బయటపెట్టకుండా ఆ బృందానికి "ఎక్కడిదీ కాని క్లబ్బు" అని పేరు పెట్టుకున్నారు.

ఫానీ లూ హేమర్‌కు నల్లవారు ఓటు వేయవచ్చన్న సంగతే 1962 ఆగస్టులో మిసిసిపిలోని రూల్‌విల్ చర్చిలో జరిగిన సభలో తెలిసింది. ఓటరుగా నమోదు కావడానికి వెళ్లిన రోజే, పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన తోట నుంచి ఆవిడను వెళ్లగొట్టారు.

మరి చర్చి వీళ్లకు ఇచ్చిన స్థానం ఏమిటి? కింగ్ నాయకత్వంలో పాస్టర్లు నడిపిన ఎస్.సి.ఎల్.సి. అనే హక్కుల సంస్థ కార్యాలయాన్ని మొదట నిలబెట్టింది ఎల్లా బేకర్. శాశ్వత కార్యనిర్వాహక పదవి మాత్రం పాస్టర్లకే. ఒక్క గొప్ప నాయకుడి చుట్టూ అందరూ తిరగడం ఆవిడకు నచ్చలేదు. 1960లో విద్యార్థులను షా విశ్వవిద్యాలయంలో సమావేశపరిచి, మీ సంఘం మీరే పెట్టుకోండి, పెద్దల తోకగా ఉండొద్దని చెప్పారు. అలా ఎస్.ఎన్.సి.సి. అనే విద్యార్థి ఉద్యమ సంఘం పుట్టింది. రిచర్డ్ అలెన్ సంఘంలో 1819లోనే జరీనా లీ అనే స్త్రీకి ప్రసంగించే అనుమతి దొరికింది. అదే సంఘంలో స్త్రీ బిషప్ అయ్యేసరికి 2000వ సంవత్సరం వచ్చింది, వాష్టి మెకెంజీ. మధ్యలో 181 ఏళ్లు. బయట న్యాయం అడిగిన చర్చి లోపల ఏం చేసిందో కూడా చెప్పాలి.

సందేహి

సావేరి గారి టపా అందరూ చదవాలి. దానికి ఇంకొకటి కలుపుతాను. "నల్లజాతి చర్చి" అని ఏకవచనంలో మాట్లాడితే చరిత్ర వక్రమవుతుంది. అతిపెద్ద నల్లజాతి సంఘాల కూటమి నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌కు 1953 నుంచి 1982 వరకు అధ్యక్షుడు జోసెఫ్ జాక్సన్. చట్టాన్ని ఉల్లంఘించే ఉద్యమ పద్ధతిని ఆయన బహిరంగంగా వ్యతిరేకించారు. నల్లవారు ఆస్తి, చదువు, వ్యాపారం కూడగట్టుకోవాలి, వీధికెక్కడం వల్ల ఒరిగేది లేదని ఆయన వాదన. కింగ్ పక్షం 1961లో విడిపోయి ప్రోగ్రెసివ్ నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకుంది. కింగ్ హత్య తర్వాత షికాగోలో ఒక పెద్ద వీధికి ఆయన పేరు పెడితే, ఆ వీధి మీదున్న తన ఒలివెట్ చర్చి చిరునామాను జాక్సన్ పక్క వీధికి మార్పించారు. అంటే పోరాడిన చర్చీలు ఉన్నాయి, పోరాటాన్ని వద్దన్న చర్చీలూ ఉన్నాయి.

మిసిసిపి ఒడ్డు (మెంఫిస్)

నిజం. కానీ సందేహి గారూ, జాక్సన్ చెప్పింది కూడా రాజకీయమే కదా. వీధికెక్కొద్దు అనడం ఒక పక్షం. నల్లజాతివారు తమ భవిష్యత్తు గురించి అంత గట్టిగా, అంత బహిరంగంగా పోట్లాడుకోవడానికి ఇంకో వేదిక లేదు. శాసనసభలో సీటు లేదు, పెద్ద పత్రికలో చోటు లేదు. చర్చి మహాసభే వాళ్ల శాసనసభ. ఆ కోణంలో చూస్తే 1961 చీలిక చర్చి వైఫల్యం కాదు, అక్కడ నిజమైన చర్చ జరిగిందనడానికి రుజువు.

గుండ్లకమ్మ

ఒంగోలు నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు బాప్టిస్టు సంఘ పెద్ద. ఈ చర్చ చదువుతుంటే మా సంఘాల చరిత్రతో పోల్చకుండా ఉండలేకపోతున్నాను.

అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంటరానివారిగా చూసిన మనుషులు బడికి వెళ్లారు, ఉపాధ్యాయులయ్యారు, నర్సులయ్యారు. ఆ మేలును నేను తక్కువ చేయను, నా చదువు కూడా అందులోంచి వచ్చిందే. కానీ మా భవనాలు, స్థలాలు, ఆసుపత్రి, కాపరుల జీతాలు దశాబ్దాల పాటు అమెరికాలోని మిషను బోర్డు చేతిలో ఉన్నాయి. నీలిసిరా గారు చెప్పిన వేలంపాట మా చరిత్రలో లేదు. డబ్బు ఎవరిదో మాట కూడా వారిదే అవుతుంది. మా సంఘాలు ఊళ్లో జరిగే కుల అన్యాయం మీద ప్రసంగపీఠం నుంచి మాట్లాడటానికి ఎందుకు వెనకాడాయో ఆలోచిస్తే నాకు ఇదొక పెద్ద కారణంగా కనిపిస్తుంది.

రెండో కారణం చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించారు. మాకు సవరించలేదు. అందుకే ఎన్నో కుటుంబాలు కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్నాయి. ఆ స్థితిలో సంఘం గొంతెత్తి "మేము ఇక్కడ ఉన్నాం" అనడం ఎంత కష్టమో ఆలోచించండి.

కింగ్ 1959లో భారతదేశం వచ్చారు. కేరళలో ఒక దళిత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశాడని, మొదట మనసు చివుక్కుమన్నా అవును, నేను అంటరానివాడినే అనుకున్నానని 1965 జూలై 4న ఎబెనేజర్‌లో చేసిన ప్రసంగంలో చెప్పారు. ఆ ప్రసంగాన్ని మా స్త్రీల సమాజంలో ఒకసారి తెలుగులో చదివి వినిపించాను. ఆ తర్వాత జరిగిన చర్చ ఆ గదిలో అంతకు ముందెన్నడూ జరగలేదు.

జామచెట్టు (ఫిలడెల్ఫియా)

గుండ్లకమ్మ గారూ, డబ్బు, మాట గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అదే సంగతిని ఇంకో వైపు నుంచి చూపిస్తాను. 1960లో మా ఊళ్లోని జయన్ బాప్టిస్టు చర్చి కాపరి లియోన్ సల్లివన్, ఇంకా సుమారు నాలుగు వందల మంది పాస్టర్లు కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. నల్లవారు కొనే సరుకుతో లాభపడుతూ నల్లవారికి మంచి ఉద్యోగాలు ఇవ్వని కంపెనీని ఎంచుకుంటారు. ముందు మర్యాదగా వెళ్లి అడుగుతారు. వినకపోతే ఆదివారం ప్రతి ప్రసంగపీఠం నుంచి ఒకే మాట: వాళ్లు మారేవరకు ఆ సరుకు కొనకండి. మొదటి కంపెనీ టేస్టీ బేకింగ్, కేకులు చేసేది. దిగివచ్చింది. ఆ తర్వాత ఒక్కో కంపెనీ దిగివచ్చింది.

వాళ్లు అధ్యక్షుణ్ణి పెట్టుకోలేదు, సభ్యత్వ జాబితా పెట్టుకోలేదు, బ్యాంకు ఖాతా పెట్టుకోలేదు. దావా వేయాలంటే ఎవరి మీద వేయాలి? నాలుగు వందల చర్చీల మీదా? ఈ పద్ధతినే కింగ్ బృందం ఆపరేషన్ బ్రెడ్‌బాస్కెట్‌గా తీసుకుంది. ఉద్యోగాలు దొరికాక, వాటికి తగిన శిక్షణ లేదని గమనించి సల్లివన్ 1964లో ఒక పాత పోలీసు స్టేషన్ భవనంలో శిక్షణ కేంద్రం తెరిచారు. 1971లో జనరల్ మోటార్స్ డైరెక్టర్ల బోర్డులో మొదటి నల్లజాతి సభ్యుడయ్యారు. దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే అమెరికా కంపెనీలు పాటించాల్సిన నియమాలు 1977లో రాశారు. ఒక పేటలోని చర్చి నుంచి మొదలైన పని ఎంత దూరం వెళ్లిందో చూడండి.

కొత్త పాఠకురాలు

చార్ల్‌స్టన్ గురించి ఎవరూ రాయలేదే. 2015లో దక్షిణ కరోలినాలోని ఆ ఊళ్లో, నల్లజాతి చర్చిలో బైబిలు అధ్యయనంలో కూర్చున్న తొమ్మిది మందిని కాల్చి చంపినవాడిని, రెండు రోజులకే బంధువులు కోర్టులో క్షమించామన్నారు. అది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. గొప్పతనమా? అంత బాధలోనూ కోపం చూపించే హక్కు వాళ్లకు లేదా?

సావేరి

ఆ ప్రశ్న అప్పుడు నల్లజాతివారే గట్టిగా వేసుకున్నారు. క్షమించినవారి విశ్వాసాన్ని నేను ప్రశ్నించను, అది వాళ్ల ప్రార్థన, వాళ్ల దుఃఖం. నాకు కోపం వచ్చేది ఆ క్షమాపణను చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్న దేశం మీద. క్షమించారు కనుక ఇక విషయం ముగిసింది అన్నట్టు టీవీల్లో మాట్లాడారు. బంధువుల్లో క్షమించని వారూ ఉన్నారు. వాళ్ల మాట ఎంతమందికి వినిపించింది?

నీలిసిరా (అట్లాంటా)

ఆ చర్చి సంగతి తెలిస్తే ప్రశ్న ఇంకా లోతవుతుంది. ఇమ్మాన్యుయేల్ ఏ.ఎం.ఇ. సంఘానికి చెందిన డెన్మార్క్ వీసీ అనే నల్లజాతీయుడు 1822లో బానిసల తిరుగుబాటుకు పథకం వేశాడన్న ఆరోపణతో, ఆయనతో కలిపి 35 మందిని ఉరితీశారు. చర్చిని కూల్చేశారు. తర్వాత నల్లవారు విడిగా ఆరాధన చేయడమే అక్కడ నేరమైంది. అంతర్యుద్ధం ముగిసేవరకు రహస్యంగా కూడుకున్నారు. 1865లో మళ్లీ కట్టిన చర్చికి నమూనా గీసింది వీసీ కొడుకు రాబర్ట్. 2015లో చనిపోయిన కాపరి క్లెమెంటా పింక్నీ రాష్ట్ర సెనేటరు కూడా. ఆ ఏప్రిల్‌లో నార్త్ చార్ల్‌స్టన్‌లో వాల్టర్ స్కాట్‌ను పోలీసు వెనక నుంచి కాల్చాక, పోలీసులకు కెమెరాలు తప్పనిసరి చేసే బిల్లు కోసం ఆయన సెనేట్‌లో మాట్లాడారు. ఆ బిల్లు జూన్‌లో చట్టమైంది. కొద్ది రోజులకే, జూన్ 17న, ఆయన హత్య. జూలై 10న రాష్ట్ర శాసనసభ ఆవరణలోంచి కాన్ఫెడరేట్ జెండాను, అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండాను, దింపారు.

క్షమించిన సంఘమే చట్టం మార్చింది, జెండా దింపించింది. క్షమాపణ అంటే చేతులు ముడుచుకోవడం అని అక్కడివారు ఏనాడూ అనుకోలేదు.

సావేరి

జెండా దిగడానికి తొమ్మిది ప్రాణాలు పోవలసి వచ్చింది, నీలిసిరా గారూ. అందుకే నేను దాన్ని గెలుపు అనలేను.

సందేహి

ఇప్పటి సంగతికి వద్దాం. ప్యూ రిసెర్చ్ సెంటర్ 2021లో ప్రచురించిన సర్వే ప్రకారం నల్లజాతి వయోజనుల్లో 66 శాతం ప్రొటెస్టెంట్లు, 21 శాతం ఏ మతానికీ చెందమన్నవారు. యువతలో చర్చికి వెళ్లేవారు ఇంకా తక్కువ. 2014లో ఫెర్గూసన్‌లో పోలీసు ఒక నల్లజాతి యువకుణ్ణి కాల్చి చంపాక వీధికెక్కినవారు పాస్టర్ల మాట కోసం ఎదురుచూడలేదు. నల్లవారి ప్రాణాలకూ విలువుందనే బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమం ముగ్గురు స్త్రీలతో మొదలైంది, చర్చితో కాదు. స్వలింగ సంపర్కుల హక్కుల విషయంలో చాలా చర్చీలు ఎటు నిలబడ్డాయో వాళ్లు చూశారు. చర్చి కేంద్రంగా ఉన్న కాలం గడిచిపోయిందని నా అంచనా.

మిసిసిపి ఒడ్డు (మెంఫిస్)

కేంద్రం కాకపోవచ్చు. అయినా పని ఆగలేదు. 2013లో నార్త్ కరోలినాలో విలియం బార్బర్ అనే పాస్టరు ప్రతి సోమవారం రాలీలోని శాసనసభ దగ్గరకు జనాన్ని తీసుకెళ్లారు. ఓటు హక్కు, పేదలకు వైద్యం, బడుల నిధులు అడుగుతూ ఆ ఏడాది తొమ్మిది వందల మందికి పైగా అరెస్టయ్యారు. వాళ్లలో తెల్లవారున్నారు, యూదులున్నారు, ఏ మతమూ లేనివారున్నారు. జార్జియాలో 2021లో ముందస్తు ఓటింగు ఆదివారాలను కుదించే ప్రతిపాదన వస్తే చర్చీలు లేచి నిలబడ్డాయి. తుది చట్టంలో ఆ కోత లేదు.

సందేహి

బార్బర్ పద్ధతి మీద నాకు అభ్యంతరం లేదు, ఆయన అంశం గురించి మాట్లాడారు. కాపరిగా ఉంటూనే సెనేటరుగా కొనసాగడం మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. అదే పీఠం నుంచి ఆదివారం వాక్యం, సోమవారం ఓటు. వేరే పార్టీకి ఓటు వేసే విశ్వాసి ఆ సంఘంలో ఎక్కడ కూర్చోవాలి?

గుండ్లకమ్మ

ఆ ప్రశ్న మా ఊళ్లోనూ ఉంది సందేహి గారూ. నా దగ్గర సమాధానం లేదు. మీ టపా మా నాన్నగారికి చదివి వినిపిస్తాను.

కొత్త పాఠకురాలు

డిసెంబరులో ఫిలడెల్ఫియా వెళ్తున్నాను. అలెన్ కట్టిన చర్చి చూడవచ్చా?

జామచెట్టు (ఫిలడెల్ఫియా)

తప్పకుండా చూడండి. మదర్ బెతెల్ అంటారు, ఆరవ వీధి, లంబార్డ్ వీధి కూడలిలో ఉంది. ఇప్పటి భవనం పందొమ్మిదో శతాబ్దం చివరిది. స్థలం మాత్రం అలెన్ నాటిదే. కింది అంతస్తులో మ్యూజియం, అలెన్, ఆయన భార్య సారా సమాధులు ఉన్నాయి. మ్యూజియం వేళలు ముందే ఫోను చేసి కనుక్కోండి. ఆదివారం ఆరాధనకు ఎవరైనా వెళ్లవచ్చు. వెళ్తే ఆరాధన మొత్తం కూర్చోండి, మధ్యలో ఫొటోలు తీయకండి. సంఘం ప్రకటనలు చదివేటప్పుడు జాగ్రత్తగా వినండి. ఓటరు నమోదు, అద్దె సాయం, జైల్లో ఉన్నవారి కుటుంబాల సంగతులు, ఇలాంటివన్నీ ఈ ఊరి చర్చీల్లో చాలాసార్లు ప్రసంగం కన్నా ముందు ప్రకటనల్లోనే వస్తాయి.